ఫ్రెంచ్‌లో దారి అడిగే ముందు జవాబు నేర్చుకోండి

(ఫ్రాన్స్‌కి చదువుకోవడానికి వెళ్తున్న తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, మాట్లాడినది మాట్లాడినట్టుగా)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకి రండి, ఇవాళ పని అంతా నోటితోనూ చెవితోనూ, బోర్డు మీద రాసేది పెద్దగా ఉండదు.

మీ పుస్తకాల్లో దారి అడిగే పాఠం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. 'ఊ ఏ లా గార్', అంటే స్టేషన్ ఎక్కడ అని. ఆ స్టేషన్ తీసేసి బ్యాంకు పెట్టు, బ్యాంకు తీసేసి ఆస్పత్రి పెట్టు, మ్యూజియం పెట్టు, అలా ఓ పేజీ నిండా. రెండు రోజుల్లో బట్టీ వచ్చేస్తుంది. తర్వాత మీరు పారిస్‌లో దిగుతారు, రోడ్డు మీద ఒకావిణ్ణి ఆపి చక్కగా అడుగుతారు, మీ ఉచ్చారణ బాగుందనుకోండి, ఆవిడ మీకు ఫ్రెంచ్ బాగా వచ్చనుకుని మామూలు వేగంతో, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా, చెయ్యి అటూ ఇటూ చూపిస్తూ చెప్పేసి 'బోన్ జుర్నే' అని వెళ్లిపోతుంది. ప్రశ్న మీ చేతిలో ఉంది, జవాబు మాత్రం గాల్లో పోయింది.

అందుకే నా క్లాసులో నేను ఈ పాఠాన్ని తిరగేసి చెప్తాను. ముందు దారి చెప్పడం నేర్చుకోండి, తర్వాత అడగడం. ఫ్రెంచ్‌లో మీ నోటితో మీరు దారి చెప్పగలిగితే, వేరేవాళ్లు చెప్పినప్పుడు మీ చెవి ఆ మాటల్ని పట్టుకుంటుంది. ప్రశ్న ఎప్పుడూ మీ అదుపులో ఉంటుంది, ఎలా కావాలంటే అలా అడగొచ్చు, కానీ జవాబు ఎదుటి మనిషి చేతిలో ఉంటుంది కాబట్టి కష్టమంతా అక్కడే పెట్టాలి.

ఫోన్ ఉంది కదండీ, మ్యాప్ చూసుకుంటే పోలా అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. చూసుకోండి, నేనూ చూసుకుంటాను. కానీ మ్యాప్ మిమ్మల్ని వీధి గుమ్మం దాకా తీసుకెళ్తుంది, ఆ లోపల సంగతి దానికి తెలియదు. యూనివర్సిటీలో అడ్మిషన్ ఆఫీసు ఏ బిల్డింగులో ఏ అంతస్తులో ఉంది, రెసిడెన్స్ పర్మిట్ కోసం వెళ్లిన ప్రెఫెక్చూర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ ఆఫీసులో, ఏ కౌంటర్ ముందు నిలబడాలి, ఆస్పత్రిలో ఎక్స్‌రే ఎటు వైపు, ఇవన్నీ మనుషుల్ని అడిగే తెలుసుకోవాలి. ఇంకోటి, మీరు అక్కడ నెల రోజులు ఉన్నాక మిమ్మల్నే దారి అడుగుతారు, అందులో సందేహం లేదు.

సరే, ఒక మామూలు జవాబు వినండి, రోడ్డు మీద ఎవరైనా చెప్పేలాంటిది. 'అలోర్, వు కోఁతిన్యుయే తూ ద్రువా, జ్యూస్కో ఫో, ఆఁసువీత్ వు ప్రెనే ఆ గోష్, ఏ సే స్యుర్ వోత్ర్ ద్రువాత్, జ్యూస్త్ ఆ కోతే ద లా ఫార్మసీ.' మళ్లీ అంటాను, ఈసారి కళ్లు మూసుకుని వినండి. (మళ్లీ చదివారు.)

అర్థం చెప్తాను. తిన్నగా వెళ్లండి, ట్రాఫిక్ సిగ్నల్ దాకా, ఆ తర్వాత ఎడమవైపు తిరగండి, అక్కడ మీ కుడిచేతి పక్క ఉంటుంది, మందుల షాపుని ఆనుకుని. ఇంతే. ఇందులో మీ ప్రాణం తీసేది ఒకటుంది, 'తూ ద్రువా', 'ద్రువాత్'. మొదటిది తిన్నగా, రెండోది కుడి. తేడా అంతా చివర వచ్చే ఆ 'త్' లోనే. రాసేటప్పుడు రెండింట్లోనూ త అక్షరం ఉంటుంది, కానీ 'ద్రువా'లో దాన్ని పలకరు, 'ద్రువాత్'లో దాని తర్వాత ఇంకో అక్షరం ఉంది కాబట్టి పలుకుతారు. 'త్' వినబడిందా, కుడికి తిరగాలి. 'త్' లేదు, ముందు 'తూ' ఉంది, తిన్నగా పోవాలి. ఫ్రెంచ్ చదివే ప్రతివాళ్లూ మొదట్లో ఇక్కడే తడబడతారు, అమెరికా వాళ్లయినా జపాన్ వాళ్లయినా. తెలుగులో తిన్నగా, కుడి అనే మాటలకి ఎక్కడా పోలిక లేదు కాబట్టి మన చెవికి ఈ జాగ్రత్త అలవాటు లేదు, కూర్చుని అలవాటు చేసుకోవాలి. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు అంటూ ఉంటే ఇంకొకరు చెయ్యి చూపించండి, రోజూ పడుకోబోయే ముందు కాసేపు. 'ఆ గోష్' అంటే ఎడమ, దానితో ఏ గొడవా లేదు.

ఇలాంటి జత ఇంకొకటి ఉంది, బిల్డింగుల లోపల పనికొస్తుంది. 'ఓ దస్యూ' అంటే పైన, 'ఓ దసూ' అంటే కింద. ఒకటి మూతి ముందుకి సున్నాలా చుట్టి 'ఈ' అనబోతే వచ్చే శబ్దం, రెండోది మన మామూలు 'ఊ'. 'లెతాజ్ ఓ దస్యూ' అంటే పై అంతస్తు. రెండూ కలిపేశారంటే మెట్లు ఎక్కాల్సిన వాళ్లు దిగుతారు.

ఇప్పుడు ఆ జవాబునే ఇంకోలా చూద్దాం. ఫ్రెంచ్ వాళ్లు దారి చెప్పేటప్పుడు క్రియలు లెక్కపెడితే చాలా తక్కువ. కోఁతిన్యుయే, సాగండి. ప్రెనే, ఆ దారి పట్టండి. తూర్నే, తిరగండి. త్రవెర్సే, దాటండి. పాసే, మీదుగా వెళ్లండి. అలే, వెళ్లండి. దెసాఁదే, దిగండి. దాదాపు ఇవే. ఒక్కొక్కరు 'ప్రెనే' అంటారు, ఒక్కొక్కరు 'వు ప్రెనే' అంటారు, ఇంకొందరు 'వు జాలే ప్రాఁద్ర్' అని భవిష్యత్తులోకి తీసుకెళ్లి చెప్తారు, మూడిటికీ పని ఒకటే. గౌరవం గురించి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు, కొత్త మనిషిని 'మీరు' అనే పిలవాలని మన ఇళ్లల్లో చిన్నప్పుడే నేర్పారు, అక్కడ 'వు' అంటారు, అంతే తేడా. ఇంగ్లిష్ నుంచి వచ్చినవాళ్లకి ఇది ఒక పాఠం, మనకి కాదు.

క్రియ తర్వాత ఎన్నోది అన్న మాట వస్తుంది. 'లా ప్రెమియేర్ ఆ గోష్', ఎడమకి మొదటి వీధి. 'లా దోజియెమ్ ఆ ద్రువాత్', కుడికి రెండోది. వీధి అనే మాటే వాళ్లు మింగేస్తారు చూశారా, మొదటిది అంటే మొదటి వీధి అని మనమే అర్థం చేసుకోవాలి. ఆ తర్వాత గుర్తు వస్తుంది. మనం ఎలా చెప్తాం? పెట్రోల్ బంకు దాటాక ఆంజనేయస్వామి గుడి వస్తుంది, దాని పక్క సందు, అక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు అంటాం. గుర్తు పెట్టి చెప్పడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య, అక్కడ గుర్తులు మారతాయి అంతే. 'బులాఁజ్రీ' అంటే బేకరీ, అది లేని వీధి తక్కువ. 'ఫార్మసీ' అయితే పచ్చ రంగు ప్లస్ గుర్తు వెలుగుతూ దూరం నుంచే కనబడుతుంది. 'తబా' అంటే సిగరెట్లు, స్టాంపులు అమ్మే కొట్టు, పైన ఎర్రటి బోర్డు ఉంటుంది. 'మేరీ' అంటే మున్సిపల్ ఆఫీసు, జెండా ఉంటుంది. 'ఫో' అంటే సిగ్నల్. ఊళ్లు చిన్నవైతే 'రోఁ పువేఁ', అంటే రౌండు జంక్షన్, ఫ్రాన్స్‌లో ఇవి ఎక్కడ చూసినా కనబడతాయి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. మనం వీధి పేరుని పెద్దగా పట్టించుకోం, మన కాలనీలో రోడ్ నంబర్ ఎంతో మనకే గుర్తుండదు. పారిస్‌లో వీధి పేరే అడ్రసు. ప్రతి మూలా గోడ మీద నీలం రంగు రేకు, పచ్చ అంచు, తెల్ల అక్షరాలు, పైన చిన్నగా అరొందిస్‌మాఁ నంబరు, అరొందిస్‌మాఁ అంటే మన వార్డు లాంటిది. పారిస్‌లో 20 అరొందిస్‌మాఁలు ఉన్నాయి, మధ్యలో లూవ్ర్ మ్యూజియం దగ్గర 1తో మొదలై గడియారం ముల్లు తిరిగే వైపుగా చుట్టలు చుట్టుకుంటూ 20 దాకా వెళ్తాయి. పిన్‌కోడ్‌లో చివరి రెండు అంకెలు అవే, 75010 అంటే పదో అరొందిస్‌మాఁ, 75018 అంటే పద్దెనిమిదోది. లియోఁ నగరంలో 69001 నుంచి 69009 దాకా, అదే పద్ధతి.

ఇంటి నంబర్లకి కూడా ఒక క్రమం ఉంది, 1805లో నెపోలియన్ కాలంలో పెట్టినది ఇప్పటికీ నడుస్తోంది. పారిస్ మధ్య నుంచి పారే సేన్ నదికి అడ్డంగా ఉన్న వీధుల్లో నంబర్లు నది దగ్గర మొదలై దూరం వెళ్లేకొద్దీ పెరుగుతాయి, నది వెంట ఉన్న వీధుల్లో నీళ్లు పారే దిక్కునే పెరుగుతాయి, నంబర్లు పెరిగే వైపు నడుస్తుంటే బేసి సంఖ్యలు ఎడమవైపు, సరి సంఖ్యలు కుడివైపు. ఇది తెలిస్తే ఎంత హాయో చెప్పలేను, రెండు నంబర్లు చూశారంటే మీరు ఎటు వెళ్తున్నారో మీకే తెలిసిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. నంబరు పక్కన 'బిస్' అని ఉంటే మన 12ఎ లాంటిది, ఆ పక్క ఇల్లు. అలాగే 'రీవ్ గోష్', 'రీవ్ ద్రువాత్' అంటే నది ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు. నీళ్లు పారే వైపు మొహం పెట్టి నిలబడితే మీ ఎడమచేతి పక్క ఏదో అది ఎడమ ఒడ్డు.

ఒక్క జాగ్రత్త. పారిస్ వీధులు పలక మీద గీసిన గళ్లలా ఉండవు. ఆర్క్ ద త్రియోఁఫ్ అనే పెద్ద స్మారక ద్వారం చుట్టూ 12 అవెన్యూలు కలుస్తాయి, అక్కడ నిలబడి తిన్నగా అంటే ఎటు తిన్నగా? అలాంటి చోట మనుషులు కూడా అవెన్యూ పేరు పెట్టే చెప్తారు, మీరూ పేరే అడగండి. గళ్లలా ఉండే వీధులు కావాలంటే మన దగ్గరే పుదుచ్చేరి ఉంది, వైట్ టౌన్‌లో ర్యూ ద్యూమా, ర్యూ స్యుఫ్రెన్ అని బోర్డులు ఫ్రెంచ్‌లో కూడా ఉంటాయి, ఎప్పుడైనా వెళ్తే స్నేహితుల్ని వెంటపెట్టుకుని ఒకరికొకరు దారి చెప్పుకోండి, కాళ్లతో నడుస్తూ నేర్చుకున్నది మర్చిపోరు.

ఇప్పుడు అడగడానికి వద్దాం. మొట్టమొదటి మాట 'బోఁజూర్'. ఈ ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి. మన దగ్గర 'ఏమండీ, బస్టాండు ఎటండీ' అంటే ఎవరూ ఏమీ అనుకోరు, ఆ 'అండీ'లోనే మర్యాద అంతా వచ్చేసింది. అక్కడ నమస్కారం చెప్పకుండా పని మొదలుపెడితే మనసులో నొచ్చుకుంటారు, కొందరు మీ ప్రశ్న ఆపేసి ముందు 'బోఁజూర్' అని వాళ్లే అంటారు, అంటే మీరు చెప్పలేదని గుర్తు చెయ్యడం. కాబట్టి 'బోఁజూర్ మదామ్' లేదా 'బోఁజూర్ మొస్యో', సాయంత్రమైతే 'బోఁసువార్', వాళ్లు మీ వైపు తిరిగాక 'ఎక్స్‌క్యూజే మువా', అప్పుడు ప్రశ్న. పారిస్ వాళ్లు పొగరుబోతులు, విదేశీయులకి దారి చెప్పరు అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బోఁజూర్ చెప్పి అడిగి చూడండి, ఆగి, ఫోన్ తీసి, కొన్నిసార్లు మూల దాకా మీతో నడిచి వచ్చి మరీ చూపిస్తారు.

ప్రశ్నకి నాకు నచ్చిన రూపం 'పూర్ అలే ఆ లా గార్, సిల్ వు ప్లే?' స్టేషన్‌కి వెళ్లాలంటే, దయచేసి. వాక్యం పూర్తిగా లేదు కదా అనకండి, వాళ్లూ ఇలాగే అడుగుతారు. స్టేషన్‌కి 'ఆ లా గార్', మ్యూజియంకి 'ఓ ముజే', ఆస్పత్రికి 'ఆ లోపితాల్', స్త్రీలింగమా పుంలింగమా, మాట అచ్చు శబ్దంతో మొదలవుతుందా అన్నదాన్ని బట్టి మారుతుంది, తప్పు అన్నా అర్థమవుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ పడొద్దు.

కొత్తలో ఇంకా మంచి పద్ధతి ఒకటి ఉంది. ఎక్కడ అని అడగొద్దు. మీకు తోచిన వైపు చెయ్యి చూపించి 'లా గార్, సే పార్ లా?' అనండి. స్టేషన్ ఇటేనా అని. జవాబు అవును, లేదా కాదు. కాదంటే వాళ్ల చెయ్యి ఎటు లేస్తుందో చూడండి, భాష అక్కర్లేదు. ఆ వైపు రెండు వీధులు నడిచి ఇంకొకర్ని అడగండి. 'సే లువేఁ?' దూరమా అనండి, 'ఆ సేఁ మినూత్ ఆ పియే' అంటే నడిచి అయిదు నిమిషాలు.

జవాబు విన్నాక వెంటనే 'మెర్సీ' అని వెళ్లిపోకండి. మీకు అర్థమైంది మీ నోటితో తిరిగి చెప్పండి. 'దోఁక్, తూ ద్రువా, పుయీ ఆ గోష్, సే సా?' అయితే తిన్నగా, తర్వాత ఎడమ, అంతేనా? తప్పు అయితే వాళ్లే సరిచేస్తారు, ఈసారి నెమ్మదిగా చెప్తారు, ఎందుకంటే మీకు ఎంత వచ్చో వాళ్లకి ఇప్పుడు తెలిసింది. నా దృష్టిలో పాఠం మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే, పుస్తకాల్లో మాత్రం ఎక్కడో చివర వేస్తారు. 'ప్ల్యూ లాఁత్‌మాఁ, సిల్ వు ప్లే', ఇంకొంచెం నెమ్మదిగా అని కూడా అడగొచ్చు.

రైలు సంగతి. మీలో చాలామంది షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టులో దిగుతారు, కొందరికి సితే యూనివర్సితేర్‌లో గది దొరుకుతుంది, పద్నాలుగో అరొందిస్‌మాఁలో, 40కి పైగా హాస్టల్ భవనాలున్న పెద్ద తోట అది, మన ఇండియా హౌస్ కూడా అందులోనే ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి ఎర్ ఎ ఎర్ బే, అంటే RER B అనే లోకల్ రైలు ఎక్కితే సితే యూనివర్సితేర్ అనే పేరుతోనే ఉన్న స్టేషన్‌లో దిగొచ్చు, బయటికి వచ్చి బుల్వార్ జుర్దాఁ దాటితే ఎదురుగా సితే. పారిస్ రైళ్లలో వైపు చెప్పేటప్పుడు చివరి స్టేషన్ పేరు చెప్తారు, 'దిరెక్సియోఁ' ఫలానా అని. ఊళ్లోకి వచ్చేటప్పుడు దిరెక్సియోఁ సేఁ రెమీ లే షెవ్రూజ్ అనో రోబేఁసోఁ అనో ఉంటుంది, రెండూ సితే మీదుగానే వెళ్తాయి, ఏది ఎక్కినా ఫర్వాలేదు. తిరుగు ప్రయాణంలోనే జాగ్రత్త. ఓల్నే దగ్గర లైను రెండుగా చీలుతుంది, ఒకటి ఎయిర్‌పోర్టుకి, రెండోది మిత్రీ వైపు. కంగారులో మిత్రీ రైలు ఎక్కారంటే విమానం పోతుంది. ఎక్కేముందు బోర్డు చూడండి, పక్కన ఎవరున్నా 'సె త్రేఁ వా బియేఁ ఆ లాయెరోపోర్?' అని అడగండి. ఈ రైలు ఎయిర్‌పోర్టుకే కదా అని.

మీ ఇంట్లో సాధన చెయ్యడానికి హైదరాబాద్ మెట్రో చాలు. మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లాలి, చెప్పండి చూద్దాం ఎవరైనా... ఆఁ, ఆ అబ్బాయి చెప్పాడు, బాగా చెప్పాడు. 'వు ప్రెనే లా లీఞ్ రూజ్, దిరెక్సియోఁ ఎల్బీ నగర్, వు షాఁజే ఆ అమీర్‌పేట్, పుయీ లా లీఞ్ బ్లో, దిరెక్సియోఁ రాయదుర్గ్.' ఇలా మీ ఊళ్లో మీకు తెలిసిన దారులన్నీ ఫ్రెంచ్‌లో చెప్పుకోండి, కాలేజీకి వెళ్తూ, కూరగాయలకి వెళ్తూ.

బస్సు నంబర్లతో మాత్రం కొంచెం కసరత్తు ఉంది. 76 అంటే వాళ్లు అరవై పదహారు అంటారు, 96 అంటే నాలుగు ఇరవైలు పదహారు. 'సువాసాఁత్ సేజ్', 'కాత్ర్ వేఁ సేజ్'. చివరి 'సేజ్' ఒక్కటే వినబడి మీరు ఏదో ఒకటి ఎక్కేస్తారు, కాబట్టి మొదటి మాట మీద చెవి పెట్టండి.

ఇప్పుడు బిల్డింగు లోపలి దారి, ఇది మీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్పాలి. పారిస్‌లో పాత ఇళ్లకి వీధి తలుపు దగ్గర నంబర్ల మీటలు ఉంటాయి, 'దిజికోద్' అంటారు, కోడ్ తెలియకపోతే లోపలికే వెళ్లలేరు. లోపల పెరడులాంటి ఖాళీ ఉంటుంది, 'ఓ ఫోఁ ద లా కూర్' అంటే ఆ ఖాళీ దాటి చివర. అక్కడ 'ఎస్కలియే బే', అంటే బి మెట్లు, 'త్రువాజియెమ్ ఎతాజ్', మూడో అంతస్తు, 'పోర్త్ ద్రువాత్', కుడి తలుపు. గ్రౌండ్ ఫ్లోర్‌ని 'రే ద షోసే' అంటారు, లెక్క మన లెక్కే, దాని పైది మొదటి అంతస్తు. మీకు గది దొరికిన రోజే మీ అడ్రసుని ఇలా పూర్తిగా, కోడ్‌తో సహా, ఫ్రెంచ్‌లో గుక్కతిప్పుకోకుండా చెప్పడం నేర్చుకోండి. ఎందుకంటే రాత్రిపూట మీ గదిలో ఉన్న అమ్మాయికో అబ్బాయికో ఒంట్లో బాగోకపోతే మీరు ఎమర్జెన్సీ నంబర్లయిన 15కో 112కో ఫోన్ చేస్తారు, వాళ్లు అడిగే మొదటి మాటల్లో ఒకటి ఎక్కడున్నారు అని. వీధి దొరికినా అంబులెన్స్ వాళ్లు తలుపు బయట నిలబడిపోతే లాభం లేదు. కోడ్, మెట్లు, అంతస్తు, తలుపు. ఇది నేను మీ అందరినీ బతిమాలి చెప్తున్నాను.

మిమ్మల్ని ఎవరైనా దారి అడిగితే, తెలియకపోతే 'దెజోలే, జె న సువీ పా దిసీ' అనండి, సారీ, నాది ఈ ఊరు కాదు అని. తెలిస్తే పారిపోకండి, చెప్పండి. మాటలు తక్కువైతే చెయ్యి కలపండి.

ఆ చివర ఒకమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా... మాంట్రియల్ వెళ్తున్నావా, కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే ఊరు. మంచి ప్రశ్న. అక్కడ సిగ్నల్‌ని 'ఫో' అనే బదులు చాలామంది 'లుమియేర్' అంటారు, సిగ్నల్స్ దగ్గర ఎడమకి అంటే 'ఓ లుమియేర్, ఆ గోష్'. 'మీరు' అనాల్సిన చోట తొందరగా 'నువ్వు'లోకి, అంటే 'త్యు'లోకి దిగిపోతారు, అది చిన్నచూపు కాదు, చనువు. బెల్జియం వెళ్లేవాళ్లకి ఇంకో సుఖం, 70ని 'సెప్తాఁత్' అని, 90ని 'నొనాఁత్' అని ఒక్క మాటలో అనేస్తారు, బస్సు నంబర్ల బాధ చాలావరకు తప్పుతుంది. తూ ద్రువా, ద్రువాత్ తేడా మాత్రం రెండు చోట్లా ఉంది, దాన్ని ఇక్కడే ఇప్పుడే అలవాటు చేసుకుందాం. పక్కవాళ్ల వైపు తిరగండి, ఒకరు అనండి, ఒకరు చెయ్యి చూపించండి.